కదలని బొమ్మకు చెవే దిక్కు

పోయిన ఆదివారం బంధువులింట్లో షష్టిపూర్తి. భోజనాలకు ముందు ఫొటోల స్లైడ్‌షో వేశారు. పెళ్లికొడుకు గారి అక్కయ్య పాత సంగతులు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి ఆ ఫొటోలకు జతచేశారు. ఎంత మంచి ఆలోచన! కానీ వెనక పెట్టిన సినిమా పాట ఆవిడ గొంతు మీదెక్కి కూర్చుంది. పెరట్లో బావి దగ్గర పిల్లలంతా దిగిన ఫొటో వచ్చినప్పుడు ఆవిడ ఏదో చెప్పింది. ముందు వరసలో ఉన్న తమ్ముడికే వినబడలేదు. నాకు కడుపు రగిలిపోయింది.

మాట ఉన్నచోట పాట తగ్గాలని పెళ్లి వీడియోల గురించి రాసినప్పుడూ అన్నాను, గుడి మైకుల గురించి రాసినప్పుడూ అన్నాను. మళ్లీ అంటున్నాను. ముందు గొంతు ఒక్కటే పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వినాలి. అది స్పష్టంగా ఉందనిపించాకే సంగీతం జోలికి పోవాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ‘ఆటో డక్’ అని ఒకటుంది. సంగీతం ట్రాక్ కింద గొంతు ట్రాక్ పెట్టి దాన్ని వాడితే, మాట వచ్చినచోటల్లా సంగీతం మామూలుగా 12 డెసిబెల్స్ తగ్గుతుంది, మాట ఆగాక మళ్లీ లేస్తుంది. 12 డెసిబెల్స్ తగ్గడమంటే తరంగం ఎత్తు నాలుగో వంతుకు పడిపోవడం. అదీ చాలకపోతే ఇంకా తగ్గించండి. సాహిత్యమున్న పాట మాత్రం వద్దు. రెండుచోట్ల నుంచి మాటలు వస్తుంటే చెవి ఏదీ పట్టుకోలేదు. వీణో వేణువో చాలు. హెడ్‌ఫోన్లలో బాగుంది కదా అని వదిలేయకూడదు. ఫంక్షన్ హాలు గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, ఆ గందరగోళంలో ముందుగా పోయేవి హల్లులే. జనం రాకముందే ఆ హాల్లోనే ఒకసారి వేసుకుని వెనక వరసలో నిలబడి వినాలి.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి, క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెటే’ మళ్లీ పెట్టుకున్నాను. 28 నిమిషాల ఫ్రెంచి చిత్రం. దాదాపు అంతా నలుపు తెలుపు ఫొటోలే. మూడో ప్రపంచయుద్ధం తర్వాత పారిస్ నేలమాళిగల్లో ఒక ఖైదీని గతంలోకి పంపే కథ. ఓర్లీ విమానాశ్రయం బొమ్మ మీద జెట్ ఇంజన్ల మోత వినిపిస్తుంది. ఖైదీ మీద ప్రయోగాలు జరిగేటప్పుడు జర్మన్ గుసగుసలు, గుండె చప్పుడు. కథంతా ఒక్క గొంతే చెబుతుంది, దాని దారికి ఏదీ అడ్డురాదు. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలనుకున్నాను.

అంతలో ఆ ఘట్టం వచ్చింది. నాయిక నిద్రపోతున్న ఫొటోలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతుంటాయి. కథ చెప్పే ఆయన నోరు మెదపడు. పిట్టల కిచకిచ మొదలవుతుంది, పెరుగుతుంది, ఇక ఆగదేమో అన్నంతగా పెరుగుతుంది. అప్పుడామె కళ్లు తెరిచి మన వైపు చూస్తుంది. సినిమా మొత్తంలో కదిలే బొమ్మ అదొక్కటే. అక్కడ ఒక్క మాట పడినా ఆ క్షణం చచ్చిపోయేది. నేను ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్న గొంతును మార్కర్ సరిగ్గా అక్కడే పక్కన పెట్టాడు.

ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగిన నాకు ఇది ముందే తట్టాల్సింది. తలుపు కిర్రుమంటే ఎవరో వచ్చారని మనకు తెలిసిపోయేది, పాత్ర చెప్పనక్కర్లేదు. ఫొటోలో కాలం ఆగిపోయి ఉంటుంది. దాన్ని నడిపించేది చెవిలో పడే చప్పుడే. బావి ఫొటో మీద ముందు గిలక చప్పుడు, చేద నీళ్లలో పడ్డ చప్పుడు వినిపించి, అక్కయ్య గారి మాట ఆ తర్వాత వచ్చి ఉంటే, పాట తగ్గించే గొడవే ఉండేది కాదు. పాట అక్కర్లేదు. మాట కూడా ప్రతి ఫొటోకీ అక్కర్లేదు.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. ఇంట్లో ఫొటో తీసినప్పుడు, అదే చోట ఒక్క నిమిషం శబ్దం కూడా రికార్డు చేసుకోండి. రుబ్బురోలు, గేటు గొళ్లెం, మధ్యాహ్నం వీధిలో కూరగాయల బండి కేక, ఏదైనా సరే. ఆ నిమిషం ఎవరినీ మాట్లాడించకండి. ఫొటోకు పెట్టిన పేరే దానికీ పెట్టి, పక్కనే దాచండి.