సినిమాలో పని

సినిమా చూశాక ఒక పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. కథ రాసుకోను, అది ఎవరిని అడిగినా చెబుతారు. ఇందులో మనుషులు ఏం పని చేసుకుని బతుకుతున్నారు, ఆ పని తెర మీద నాకు కనబడిందా లేదా? ముందు అది రాస్తాను. ఏడిపించే సినిమాలకు కొదవ లేదు. ఆ ఏడ్చే మనిషి తెల్లారి లేచి ఏం చేస్తాడో చూపించినవే తక్కువ. అది చూపించినప్పుడే వాడి కష్టం నాకు తగులుతుంది.

ఈ చూపు మా వైపు వాళ్లకు సహజంగానే వస్తుందనుకుంటాను. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె వీధుల్లోకి వెళితే ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వినబడుతుంది. పుంగనూరు, కుప్పం పక్క ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు రోజున వేషం కట్టిన మనిషి నిజంగానే ఆకాశమంత మాను మీదికి ఎక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. చివరి రోజు మట్టితో పోసిన భారీ దుర్యోధనుణ్ని పడగొడతారు. తెల్లవార్లూ కూర్చుని ఆ నాటకాలు చూసినవాళ్లు నటుడి గొంతుతో పాటు వాడి చెమటను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

మాకు ఇంకో అదృష్టం ఉంది. కుప్పానికి ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టకముందే మూడు భాషలూ టీకొట్టు బెంచీ మీద కలిసి కూర్చునేవి. కాబట్టి నా పుస్తకంలో సినిమాలు ఒక భాషవి కావు.

'కాంచీవరం' మొదట చెప్పాలి. ప్రియదర్శన్ తీసిన ఈ తమిళ సినిమాలో ప్రకాశ్‌రాజ్ పట్టు నేసే వెంగడం. కూతురి పెళ్లికి పట్టుచీర కట్టిస్తానని మాట ఇస్తాడు. జీవితమంతా పట్టు నేసినా ఒక్క చీర కొనే స్తోమత లేనివాడు. పని ముగించి బయటికి వచ్చేటప్పుడు ఒక్కో పోగూ నోట్లో దాచుకుని తెస్తాడు, రాత్రిళ్లు దొంగతనంగా నేస్తాడు. ఆఖరికి సగమే నేసిన ఆ బట్టను చనిపోయిన బిడ్డ మీద కప్పబోతే ముఖం కప్పితే కాళ్లు బయటపడతాయి, కాళ్లు కప్పితే ముఖం. ఆ బట్ట కొలత ఎంతో మనకు ముందే తెలుసు, అది పోగు పోగుగా పెరగడం చూశాం గనక. అందుకే ఆ దృశ్యానికి మాటలు అక్కర్లేకపోయింది. సంగీతం కూడా అక్కర్లేదు, అక్కడ అది కాస్త ఎక్కువైందని నా అభిప్రాయం. ఈ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం, ప్రకాశ్‌రాజ్‌కు ఉత్తమ నటుడి పురస్కారం వచ్చాయి. మదనపల్లెలో నాతో కలిసి చూసిన ఒక నేత కార్మికుడు మాత్రం పురస్కారాల మాట ఎత్తలేదు. "చేతులు మగ్గం మింద బాగా ఆడతా ఉండాయన్నా" అన్నాడు. నా నాలుగు వాక్యాల్లో ఒకటి ఆయనదే.

అదే నేత పని మీద తెలుగులో 'మల్లేశం' వచ్చింది, 2019లో. రాజ్ రాచకొండ దర్శకుడు, ప్రియదర్శి నటుడు. కొయ్యల చుట్టూ నూలు తిప్పుతూ ఆసు పోసి పోసి భుజం పడిపోయిన తల్లి కోసం యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం నిజజీవితం అది. తల్లిగా ఝాన్సీ చేయి ఆ కొయ్యల చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంటే మన భుజం లాగుతుంది. ఊరివాళ్ల ఎగతాళి మాత్రం చెప్పిందే చెప్పినట్టయింది. ఆ సమయం కూడా యంత్రానికే ఇచ్చి ఉంటే, అది ఎక్కడ చెడింది, ఎలా కుదిరింది అన్నది ఇంకా నిదానంగా చూసేవాళ్లం.

ఎం.వి. వాసుదేవరావును రెండు భాషల్లో పక్కపక్కన చూడాలి. నా పుస్తకంలో ఎక్కువ పేజీలు ఆయనవే. 1975లో బి.వి. కారంత్ కన్నడంలో తీసిన 'చోమన దుడి'లో ఆయన చోముడు. 1933 నాటి శివరామ కారంత్ నవల దానికి మూలం. చోముడికి ఒక జత ఎద్దులున్నాయి, దున్నుకునే నేల లేదు. అంటరానివాడు సొంతంగా సేద్యం చేయడమేమిటని ఊరు ఒప్పుకోదు. అప్పు కోసం పిల్లలు వెట్టికి పోతారు. కోపమొచ్చినా దుఃఖమొచ్చినా అతను దుడి అనే తన డోలు వాయిస్తాడు. నటనకు ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది.

రెండేళ్లకు, 1977లో, మృణాల్ సేన్ తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను తెలంగాణ పల్లెకు తెచ్చాడు. అందులో అదే వాసుదేవరావు వెంకయ్య. పని చేయనంటాడు. మనం ఎంత చేస్తే దొర అంత బలుస్తాడు, అందుకని చేయకుండా ఉండటమే తెలివి అంటాడు. కొడుక్కి కూడా అదే నేర్పిస్తాడు. ఇంటికొచ్చిన కోడలు, మమతా శంకర్ వేసిన పాత్ర, ఒళ్లు దాచుకోకుండా కష్టపడి వీళ్లను పోషించి కాన్పులో చనిపోతుంది.

పని కోసం తపించి కన్నడంలో కూలిపోయిన మనిషి, తెలుగులోకి వచ్చేసరికి పనినే తిరస్కరించాడు. ముఖం అదే, బక్కపలచని ఒళ్లు అదే. చోముణ్ని చూశాక వెంకయ్యను సోమరి అని తోసేయలేకపోయాను. అతని తర్కం మొత్తం నిజమే, దాని మూల్యం మాత్రం ఆ ఆడపిల్ల చెల్లించింది. వెంకయ్యను మనం పూర్తిగా అసహ్యించుకోకుండా, పూర్తిగా క్షమించకుండా సేన్ నిలబెట్టిన తీరు నాకు ఈ నాటికీ ఆశ్చర్యమే. తెలుగులో తీసిన గొప్ప సినిమాల్లో దీన్ని మొదటి వరసలో పెడతాను. మనవాళ్లలో ఎక్కువమంది దీన్ని చూడనే లేదన్నది నాకు బాధ.

మా ఉమ్మడి జిల్లా చిత్తూరు పేరును ఇంటిపేరులా మోసిన నాగయ్యను వదలలేను. కె.వి. రెడ్డి తీసిన 'యోగి వేమన' 1947 నాటిది. స్నేహితుడు అభిరాముడితో కలిసి కొలిమి ముందు కూర్చుని బంగారం చేయడానికి వేమనగా ఆయన పడే పాటు ఉంది చూడండి, ఆ ఆశ కళ్లలో అలా వెలిగింది కాబట్టే, ప్రాణంగా పెంచుకున్న పాప పోయాక ఆ కళ్లు ఆరిపోవడం అంత బరువుగా ఉంటుంది.

జపాన్ దర్శకుడు కనెతో షిండో 1960లో తీసిన 'నేకెడ్ ఐలాండ్'ను రాయలసీమలో ఊరూరా వేయాలని నా కోరిక. నీళ్లు లేని దీవి మీద ఒక కుటుంబం. భార్యాభర్తలు పడవలో వెళ్లి కావళ్లతో నీళ్లు తెచ్చి, కొండ ఎక్కి, ఒక్కో మొక్కకూ పోస్తారు. సినిమాలో మాటలు దాదాపు లేవు. ఒకసారి ఆమె జారి బకెట్టు ఒలకబోస్తే మొగుడు చెంప మీద కొడతాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, ఆ ఒలికిన నీళ్లను చూసి గుండె కూడా గుభేలుమంది. 1000 అడుగులు బోరు దించి దుమ్ము చూసిన ఊళ్లవాళ్లకు ఆ రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో విడమర్చి చెప్పక్కర్లేదు. పెద్దకొడుకు చనిపోయాక ఆమె కావడి నీళ్లు విసిరికొట్టి మొక్కలు పీకేస్తుంది. ఈసారి అతను కొట్టడు. చూస్తూ నిలబడి, మళ్లీ నీళ్లు పోయడానికి వంగుతాడు. కాసేపటికి ఆమె కూడా లేస్తుంది.

'తిథి' గురించి రెండు మాటలు. రామ్ రెడ్డి మండ్య పక్క పల్లెలో ఆ ఊరి మనుషులతోనే తీసిన కన్నడ సినిమా. చావు, భూమి, మటన్ భోజనాలు. నవ్వుతూ చూసి, రాత్రి పడుకున్నాక కలవరపడ్డాను.

'సినిమా బండి' 2021లో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరికితే పల్లెవాళ్లు సినిమా తీస్తారు. ఆటోవాడు, పెళ్లిఫొటోలవాడు, క్షవరం చేసేవాడు, కూరగాయలమ్మే పిల్ల, అందరి పనీ తెర మీద ఉంది. పుంగనూరు దాటి ముళబాగిలు వైపు పోతే వినబడే తెలుగు అది. మా మాటను ఎవరినో నవ్వించడానికి కాకుండా, మనుషులు మాట్లాడుకోవడానికే వాడినందుకు వాళ్లకు రుణపడి ఉంటాను.

మణికందన్ తమిళంలో తీసిన 'కడైసి వివసాయి'లో ముసలి రైతుగా చేసిన నల్లాండి నిజంగా రైతే, సినిమా విడుదలకు ముందే కన్నుమూశాడు. విత్తనాల కొట్లో గింజల్లేని టమాటా గురించి విని ఆయన నిర్ఘాంతపోయే దృశ్యం ఒకటుంది. అది చూస్తున్నప్పుడు మదనపల్లె మండీ కళ్ల ముందు మెదిలింది. 2023 జులై ఆఖర్న మేలురకం కాయ కిలో 200 రూపాయల దాకా పలికిన చోటు అది. రవాణా ఖర్చులు కూడా రాక అదే కాయను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లు కూడా అక్కడివే. దాని మీద మంచి సినిమా నేనింతవరకు చూడలేదు. మా పిల్లలు ఫోన్లతోనే పొట్టిచిత్రాలు తీస్తున్నారు కదా. నాయనా, ఒక్క పని చేయండి. ప్రేమకథ తీసినా సరే, ఆ కుర్రాడి ఇంటివాళ్లను మండీకి తీసుకెళ్లండి. కాయ ఏరడం, క్రేట్లు పేర్చడం, వేలంపాటలో ధర పడే ఆ కొన్ని క్షణాల్లో తండ్రి ముఖం, కోయకుండా నిదానంగా చూపించండి. ఆ పిల్ల తండ్రితో పెళ్లిమాటలు ఆ తర్వాత మొదలుపెట్టండి.