ప్రత్యక్ష ప్రదర్శన ఎక్కడ ఆగుతోంది?

పెద్ద ఆన్‌లైన్ శిక్షణ తరగతిలో ప్రదర్శన నెమ్మదించగానే బోధకులు చెప్పే మొదటి మాట ఒకటుంది: "మీ నెట్ ఒకసారి చూసుకోండి." ఏమీ పరీక్షించకముందే తప్పును విద్యార్థి మీదికి నెట్టే ఈ మాటను ఇక్కడ పరిశీలిద్దాం.

కర్నూలులో కూర్చున్న బోధకుడు 300 మందికి ఎక్సెల్ నేర్పుతున్నాడనుకోండి. అంతమంది ఉండడం వల్లే నిదానమైందని చాలామంది అనుకుంటారు. పెద్ద తరగతులకు వాడే వేదికల్లో బోధకుడి కంప్యూటర్ దృశ్యాన్ని సర్వర్‌కు పంపుతుంది. దాన్ని అందరికీ పంచేది సర్వరే. కాబట్టి 30 మంది ఉన్నా, 300 మంది ఉన్నా ఆ కంప్యూటర్‌పై పడే భారం పెద్దగా మారదు. అందరి కెమెరాలు తెరిచి ఉంటే మాత్రం చూసేవారి ఫోన్లు అలసిపోతాయి.

అసలు ఇరుకు తరచుగా పంపేవైపే ఉంటుంది. ఆ ఒక్క కంప్యూటర్ ఎక్సెల్‌ను నడపాలి, కెమెరాను నడపాలి, తెరపై జరిగే ప్రతి మార్పునూ కుదించి పంపాలి. చాలా కనెక్షన్లలో డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ వేగం తక్కువ. బోధకుడు పేజీని గబగబా కిందికి జరిపితే తెర మొత్తం మారిపోతుంది. ఆ మార్పు ఆలూరులోని ఫోన్‌కు చేరేలోగా ఆయన మూడో మెట్టులో ఉంటాడు.

దీన్ని తేల్చే పరీక్ష సులభం. బోధకుడు మరో ఫోన్‌తో, వైఫై కాకుండా మొబైల్ డేటాపై, విద్యార్థిగా అదే తరగతిలో చేరాలి. అక్కడా ఆలస్యమైతే, అందరూ ఒకేసారి ఆగిందంటే, లోపం పంపేవైపు ఉందని ముందుగా అనుమానించాలి. అనవసర ప్రోగ్రాములు మూసి, కెమెరా ఆపి, మొత్తం తెరకు బదులు ఒక్క విండోనే చూపాలి. ఫోన్‌లో బాగుండి కొందరికే ఆగితే అప్పుడు వారి నెట్ గురించి మాట్లాడవచ్చు. ఇంత చిన్న పని చేసే బోధకులు అరుదు.

2020 జులై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లకు నిష్ఠ ఉపాధ్యాయ శిక్షణను ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. మాడ్యూళ్ళు, వీడియోలు దీక్షా వేదికపై ఉంచి, ప్రత్యక్ష సెషన్లకు స్వయంప్రభ డీటీహెచ్ ఛానల్‌ను ఎంచుకున్నారు. ఉపగ్రహ ప్రసారానికి ప్రేక్షకుల సంఖ్యతో పనిలేదు. కనుక వేగం సమస్యకు ఇది మంచి జవాబే. అయితే టీవీలో మాట్లాడే వ్యక్తికి మీరు ఏ మెట్టు దగ్గర ఆగారో కనబడదు. మళ్ళీ మళ్ళీ చూడవలసిన మెట్లను ముందే రికార్డు చేసి ఇవ్వడం, ప్రత్యక్ష సమయాన్ని సందేహాలకు ఉంచడం నా దృష్టిలో ఇంతకన్నా మేలు.

జమ్మలమడుగులో ఒకే ఫోన్ ఉన్న విద్యార్థి అదే ఫోన్‌లో పాఠం చూడాలి, అదే ఫోన్‌లో చేసి చూడాలి. అతనికి వేగం పూర్తిగా ఉన్నా సగం ప్రదర్శన తప్పిపోతుంది. ఫిర్యాదు చేయడు, తనకే తలకెక్కడం లేదనుకొని మెల్లగా తరగతి మానేస్తాడు. హాజరు పట్టికలో మాత్రం అతని పేరు చాలాకాలం ఉంటుంది!

ఈసారి తరగతి ఆగినప్పుడు "సార్, స్లో" అని రాసి ఊరుకోకండి. సమయం, చివరగా కనిపించిన మెట్టు, మాట వినిపిస్తోందో లేదో, మీరు వాడుతున్నది ఫోనా కంప్యూటరా అన్నది చాట్‌లో రాయండి. పక్క ఊరి సహాధ్యాయిని కూడా అదే రాయమనండి.