చదివినవి, చదువవలసినవి

సంవత్సరము ముగియుచుండగా, తాము ఆ యేడు చదివిన గ్రంథముల పేర్లను ఒక కాగితముపై వ్రాసి, సంఖ్యను చూచుకొని తృప్తిపడు పాఠకులు మనలో పెక్కుమంది కలరు. ఆ తృప్తిని తప్పుపట్టవలసిన పనిలేదు. కాని జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాను చూచి ఏ వర్తకుడును తన వ్యాపారస్థితిని తెలిసికొనలేనట్లే, చదివినవానిని మాత్రమే ఎక్కించిన పట్టికను చూచి ఏ పాఠకుడును తన చదువు ఏ దారిని పోవుచున్నదో తెలిసికొనలేడు. ముచ్చటపడి కొని తెచ్చినవి, మిత్రులు మెచ్చుకొనగా ఎరువు తెచ్చినవి, పీఠిక వరకు చదివి ప్రక్కన పెట్టినవి, అట్టయైనను తెరవకయే దుమ్ము పట్టినవి - వీని పద్దు ఆ కాగితములో ఎక్కడను కానరాదు. చదువునకు లెక్క వ్రాసికొను సంప్రదాయము మిక్కిలి ప్రాచీనమైనది. అందులో రెండువైపుల పద్దును ఇరువది యేండ్లకు పైగా విడువక వ్రాసినవాడు కవియు కాడు, విమర్శకుడును కాడు. పావురములను, వానపాములను, పురుగులను పట్టి తిను మొక్కలను పరిశీలించుచు జీవితము గడపిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్.

బీగిల్ నౌకాయాత్ర నుండి 1836లో తిరిగివచ్చి లండనులో నివసించుచున్న కాలమున, 1838లో, ఆయన ఒక నోటుపుస్తకమును ఈ పనికై ప్రత్యేకించెను. అందు శీర్షికలు రెండు: 'చదువవలసిన పుస్తకములు' అనునది ఒకటి, 'చదివిన పుస్తకములు' అనునది వేరొకటి. చదువు ముగిసినవి తేదీలతో రెండవ పట్టికకు చేరును. ముగియనివి మొదటి పట్టికలోనే నిలిచియుండును. 1842లో కెంట్ మండలములోని డౌన్ గ్రామమునకు మకాము మార్చిన తరువాత కూడ ఈ లెక్క ఆగలేదు. ఒక పుస్తకము నిండగా మరియొకదానిలో, 1860 వరకు సాగెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నేటికిని భద్రముగానున్న ఆ పట్టికలలో మొదట ఆశ్చర్యము గొలుపునది అందలి కలగాపులగము. పశువుల పెంపకమును గూర్చిన చేతిపుస్తకములు, దేశాంతర యాత్రావృత్తాంతములు, తత్త్వవిచారములు, మహాపురుషుల జీవితచరిత్రలు, నవలలు అన్నియు ఒకే వరుసలో నిలిచియున్నవి. జీవజాతుల పుట్టుకను గూర్చి ఆలోచించుచున్న మనిషి గుఱ్ఱములపై గ్రంథమును ఎందులకు చదివెనో మనము ఊహింపగలము; సాయంకాలమున ప్రొద్దుపుచ్చుటకు విన్న నవలను కూడ ఎక్కించుట మాత్రము లెక్క వ్రాయువాని చిత్తశుద్ధిని తెలుపును. ఒరులకు చూపుటకు వ్రాసిన పట్టికయైనచో ఆ నవల అందుండదు.

తేదీల విలువ ఒక్క ఉదాహరణముతో తెలియగలదు. 1838 అక్టోబరులో తాను వినోదార్థము మాల్థస్ రచించిన జనసంఖ్యా గ్రంథమును చదివితిననియు, జీవనసంగ్రామమున అనుకూలమైన భేదములు నిలిచి ప్రతికూలమైనవి నశించునను భావము అప్పుడే తట్టినదనియు డార్విన్ తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను. ఆ స్వీయచరిత్ర 1876లో, దాదాపు నాలుగు దశాబ్దముల పిమ్మట, వ్రాసినది. ఆయన ఆలోచనలను వ్రాసికొనిన మరియొక నోటుపుస్తకములోనో, 1838 సెప్టెంబరు 28 తేదీ క్రిందనే మాల్థస్ ప్రస్తావన కనబడుచున్నది. భేదము కొలది దినములదే గాని, ఏ పుస్తకము ఏ ఆలోచనకు ముందో ఏది వెనుకనో తేల్చవలసి వచ్చినప్పుడు ఆ కొలది దినములే శాస్త్రచరిత్రకారునకు ఆధారములు. 2017లో కొందరు పరిశోధకులు ఈ పఠనపట్టికలను కంప్యూటర్లకు అప్పగించి, ఆయన ఒక గ్రంథమునుండి మరియొక గ్రంథమునకు ఎంతెంత దూరము దుమికెనో కొలిచి, తొలినాళ్లలో తెలిసిన విషయముల చుట్టునే తిరిగి, పోను పోను క్రొత్త విషయములలోనికి సాగెనని తేల్చిరి. వయసు మీరినకొలది చదువు కుదించుకొనిపోవుననుకొను మనబోటివారు దీనిని కొంత శ్రద్ధగా గమనింపదగును.

పేర్లు వ్రాసికొనుట ఇందులో సులభమైన భాగము. చదివినదానిని పదేండ్ల తరువాత కూడ చేతికందునట్లు నిలుపుకొనుటకే పద్ధతి కావలెను; ఆ పద్ధతిని ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ తండ్రిని గూర్చిన స్మృతులలో వివరముగా వ్రాసియుంచెను. చదువునప్పుడు డార్విన్ చేతిలో పెన్సిలు ఉండును. పనికివచ్చు చోట పుట ప్రక్కన ఒక గీత, అవసరమైనచో ఒక చిన్న మాట. గ్రంథము ముగిసిన పిమ్మట, గీతలు పడిన పుటల సంఖ్యలను చివర వరుసగా వ్రాయుట. కొంతకాలము గడచిన పిదప ఆ పుటలను మాత్రమే మరల చూచి సంగ్రహము వ్రాయును. ఆ సంగ్రహమును ఒక్కచోట ఉంచక, విషయమును బట్టి మూడు నాలుగు కాగితములకు పంచి, ఆయా విషయములపై లోగడ చేరియున్న సామగ్రితో కలుపును. పేర్లు అతికించిన అరలలో ముప్పది నలుబది పెద్ద దస్త్రములుండెడివి. పుస్తకము తనది కానిచో సంగ్రహమును వేరుగా వ్రాసి సొరుగులో వేసికొనును. క్రొత్త విషయముపై వ్రాయబూనినప్పుడు మొదట ఈ చిన్న సూచికలనన్నిటిని తిరగవేసి, వానినుండి ఒక పెద్ద సూచికను కట్టుకొనును. అంతట ఒక జీవితకాలము కూడబెట్టినదంతయు బల్లపైకి వచ్చును. మొదటి చదువునకును రెండవ చూపునకును నడుమనున్న ఆ విరామమే ఈ పద్ధతికి ప్రాణమని నాకు తోచును; ఏలయన, ఉత్సాహములో గీసిన గీతలలో సగము రెండవ చూపునకు నిలువవు.

ఆయనకు పుస్తకములపై భక్తి లేదు. అవి పనిముట్లు మాత్రమే. బరువైన గ్రంథమును, పట్టుకొనుటకు అనువుగా ఉండునని, నడిమికి రెండు ముక్కలుగా కోసెడివాడు. చిన్న పొత్తములలో తనకు పనికివచ్చు పుటలను మాత్రము ఉంచి తక్కినవానిని చించివేసెడివాడు. తానట్లు కోయవలసివచ్చిన సంగతిని చెప్పియే, భూగర్భశాస్త్రజ్ఞుడగు తన మిత్రుడు లయల్ తన గ్రంథములలో ఒకదాని రెండవ కూర్పును రెండు సంపుటములుగా వేయునట్లు చేసితినని గొప్పగా చెప్పుకొనెడివాడట! కాలు తగిలినచో పుస్తకమును కన్నులకద్దుకొను ఇండ్లలో పెరిగిన మనకు ఈ మాటలు వినుటయే కష్టము. నా మట్టుకు నేను పెన్సిలు గీతను దాటి ముందునకు పోజాలను.

ఇక చదువని వాని సంగతి. ఇంకను చదువనివి పేర్చు అర ఒకటి, చదువు ముగిసి సంగ్రహమునకై వేచియున్నవి పేర్చు అర ఒకటి ఆయన గదిలో ఉండెడివి. మొదటి అరవైపు చూచి, అందు పెక్కింటిని తానెన్నటికిని చదువజాలనని తెలిసి మూలిగెడివాడని ఫ్రాన్సిస్ వ్రాసెను. రెండవ అర నిండి పొరలినప్పుడు, ఇష్టములేకున్నను, విలపించుచునే ఒక దినమును ఆ పనికి ధారపోసెడివాడట. గీతలేవియు పడని పుస్తకము చివర ఒక సున్న చుట్టెడివాడు. కొన్నిటిపై 'చదువలేదు' అనియు, కొన్నిటిపై 'పైపైన చూచితిని' అనియు వ్రాసి, మొదటి అరనుండి రెండవదానికి నెట్టెడివాడు. మన పఠనచర్యలలో ఈ మూడు గుర్తులకు చోటులేదు. పుస్తకము పేరు పట్టికలోనికి ఎక్కినదన్న అది ఆమూలాగ్రము చదివినట్లే లెక్క. ఎక్కలేదన్న అసలు లేనట్లే లెక్క. నిజమైన చదువులో అధికభాగము ఈ రెంటికిని నడుమనే కదా జరుగునది!

1873లో కార్ల్ మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథము యొక్క రెండవ జర్మను కూర్పును డార్విన్‌కు కానుకగా పంపెను. ఆనాటి పుస్తకములు పెక్కు అంచుల మడతలు కోయకయే వచ్చెడివి. చదువరి కాగితపు కత్తితో ఒక్కొక్క మడతను విప్పుకొనుచు సాగవలసియుండుటచేత, అతడెంత దూరము పోయెనో పుస్తకమే సాక్ష్యము పలుకును. 822 పుటలలో మొదటి 105 మాత్రమే విప్పబడియున్నవి. అర్థశాస్త్రమున తన పరిచయము చాలదను భావము ధ్వనింప డార్విన్ మర్యాదగా కృతజ్ఞతలు వ్రాసి ఊరకుండెను. దీనిని చెప్పుకొని నవ్వువారు కలరు గాని, జర్మను భాషతో జీవితమంతయు కుస్తీపట్టిన మనిషి తనది కాని శాస్త్రమున నూఱు పుటలు దాటుట నాకు మెచ్చదగినదిగానే తోచును. వంశపారంపర్యమును గూర్చి మెండెల్ వ్రాసిన వ్యాసము సైతము డార్విన్ గదిలో మడతలు విప్పక పడియుండెనని మరియొక కథ లోకమున వ్యాపించియున్నది. దానికి ఆధారము లేదు. ఆ వ్యాసము ఆయన గ్రంథములలో ఉన్నట్లే కానరాదు.

చదివినదాని సారమును వ్రాసి సూచిక కట్టుకొను ఈ మార్గమును డార్విన్ తానై కనిపెట్టలేదు. రోమక పండితుడైన పెద్ద ప్లినీ సారము వ్రాసికొనక ఏ గ్రంథమును చదువలేదనియు, పత్రమునకు రెండు ప్రక్కల సన్నని వ్రాతతో నింపిన 160 నోటుపుస్తకములను తనకు విడిచిపోయెననియు ఆయన మేనల్లుడు ఒక లేఖలో తెలిపెను. ఇట్టి రాశి పెరిగినకొలది, వెదకినది దొరకుట దుర్లభమగును. ఆ చిక్కునకు ఉపాయమును తత్త్వవేత్త జాన్ లాక్ 1686లో ఫ్రెంచి భాషలో ప్రకటించెను. అది 1706లో ఇంగ్లీషున వెలువడెను. వ్రాసికొన్న విషయమునకు ఒక పేరు పెట్టి, ఆ పేరులోని మొదటి అక్షరమును, దాని తరువాత వచ్చు మొదటి అచ్చును గుర్తించి, ఆ జంటకు సూచికలో కేటాయించిన గడిలో పుటసంఖ్యను వేయవలెను, అంతే. ఒక్కొక్క అక్షరమునకు అయిదు అచ్చుల గడులు చొప్పున సూచిక అంతయు రెండు పుటలలో ఇమిడిపోవును. లాక్ శ్రమపడి కట్టిన ఈ గడులను తెలుగు పిల్లవాడు పలకపైననే దిద్దుకొనును. గుణింతము తప్ప అది వేరొకటి కాదు. వాణిజ్యము 'వా' గడికి, వివాహము 'వి' గడికి, వేదాంతము 'వే' గడికి తమంతతామే పోవును. సంయుక్తాక్షరముల దగ్గర కొంత తడబాటు కలుగును గాని, మొదటి హల్లునే పట్టుకొన్నచో అదియు తీరును. నా నోటుపుస్తకములకు ఈ గుణింతపు సూచికనే వాడుచున్నాను.

మన సాహిత్యమున ఇట్టి శ్రమ చేసినవారు లేకపోలేదు. 15వ శతాబ్దమున మడికి సింగన తాను చదివిన నీతిగ్రంథములనుండి పద్యములను ఏరి, విషయక్రమమున కూర్చి, 'సకలనీతిసమ్మతము' అను సంకలనమును సంతరించెను. అందు ఉదాహృతమైన 'ముద్రామాత్యము' వంటి కృతులు మనకు దక్కలేదు. వాని తునుకలను సింగన మూలముల పేర్లతో వ్రాసిపెట్టినందువలననే అట్టి గ్రంథములుండెడివని మనము చెప్పగలుగుచున్నాము. పెదపాటి జగ్గన కూర్చిన 'ప్రబంధరత్నాకరము' చేసిన మేలును ఇట్టిదే. పద్యము బాగున్నదని వ్రాసికొని, అది ఎందులోనిదో వ్రాయక విడిచినవారు ఎందరుండిరో, వారివలన మనకేమియు ఒరగలేదు.

అయినను, సేకరణకై చదువుట ఒక వ్యసనముగా మారుటయు కలదు. యౌవనమున మిల్టను కావ్యమును నౌకాయాత్రలో వెంట ఉంచుకొనిన డార్విన్, వార్ధక్యమున తనకు ఒక్క పద్యపాదమైనను సహింపరానిదైనదని, తన మనస్సు సంగతులను విసరి సూత్రములను రాల్చు యంత్రముగా మారినదని బాధపడెను. మరల బ్రతుకు లభించినచో వారమునకొక్కసారియైనను కొంత కవిత్వము చదువుదునని వ్రాసెను. నవలలను మాత్రము కడవరకు విడువలేదు; విషాదాంతముగా ముగియు నవలలను చట్టముచేత నిషేధింపవలెనని ఆయన పరిహాసము. పట్టికలు ఈ నష్టమును ఆపలేకపోయినవి. ఎందులకనగా, ఏ పుటలో ఏమి దొరకెనో అవి చెప్పును గాని, ఏమియు దొరకకపోయినను మరల చదువబుద్ధియగు పుస్తకమునకు వానిలో గుర్తు లేదు. ఆ నాలుగవ గుర్తును మనము చేర్చుకొనవలసియున్నది.

తెలుగు పాఠకుని ఇంట చదువని కుప్ప పెరుగుటకు అతని సోమరితనము ఒక్కటియే కారణము కాదు. మన పుస్తకములు కొలది ప్రతులే అచ్చుపడును. ఒక కూర్పు చెల్లినచో రెండవది వచ్చునన్న నమ్మకము లేదు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవమున గాని, ఆదివారము హైదరాబాదు ఆబిడ్సు కాలిబాటపై గాని కంటబడిన సంపుటమును, ఇప్పుడు తీరిక లేదని విడిచినచో మరల కంటబడునో లేదో చెప్పలేము. అందుచేత ఆ కుప్పలో కొంత దురాశయు, కొంత ముందుచూపును కలసియుండును. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనమున ఏండ్ల తరబడి ఎవ్వరును తెరవని పాత పత్రికలే నేడు పరిశోధకులకు ఆకరములగుట ఎఱుగనిదెవ్వరు? కాని గ్రంథాలయమునకు తగిన న్యాయము పడకగదికి తగదు. కావున చదువవలసిన పట్టికలో పేరుతోపాటు, దానిని ఎవరు చెప్పిరో, ఏ ప్రశ్నకై తెచ్చుకొంటినో ఒక్క పంక్తిలో వ్రాయుట మేలు. సంవత్సరాంతమున ఆ పంక్తిని చదివినప్పుడు ప్రశ్నయే చచ్చియున్నచో పేరును కొట్టివేసి, పుస్తకమును ఊరి గ్రంథాలయమునకు ఇచ్చివేయవచ్చును. ఈ విధముగా నేను ప్రతి డిసెంబరునను కొంత బరువు తగ్గించుకొనుచునే యున్నాను. ఆ పట్టికకు మొట్టమొదట మాత్రము ఏటేట ఒకే పేరు నిలుచును: తిక్కన సోమయాజి శాంతిపర్వము. అది చెప్పినవారు మా తెలుగు మాస్టారు; ప్రశ్న ఏమో పంక్తిలో వ్రాయలేదు; ఈ యేడును దానిని కొట్టివేయుటకు చేయి రాలేదు.