చలికాలం పెంచే ఆకలి, ఆయుర్వేదం పెట్టే షరతులు

చలి మొదలైందంటే చాలు, పత్రికల ఆరోగ్య పేజీల నుంచి ఫోన్లలో తిరిగే సందేశాల దాకా ఒకే జాబితా కనిపిస్తుంది: అల్లం టీ, మిరియాల కషాయం, పసుపు పాలు, ఒక చెంచా చ్యవనప్రాశ. ఒంట్లో వేడి పుట్టించేవన్నీ ఒకచోట చేర్చి వాటికి ఆయుర్వేదం అని పేరు పెడుతున్నాం. మూలగ్రంథాలు తెరిస్తే మాట వేరుగా ఉంటుంది. చరక సంహిత సూత్రస్థానంలో 6వ అధ్యాయమైన ‘తస్యాశితీయం’, వాగ్భటుడి అష్టాంగహృదయం సూత్రస్థానంలో 3వ అధ్యాయమైన ‘ఋతుచర్య’ చలికాలాన్ని రోగాల కాలంగా చూడవు. ఏడాది మొత్తంలో మనిషికి బలం ఎక్కువగా ఉండే కాలం ఇదేనంటాయి. ఆ బలాన్ని ఎలా పోషించాలి, ఎలా వాడుకోవాలి, కాలం మారేటప్పుడు ఎలా సర్దుకోవాలి అన్నదే వాటి బోధ. బాగా తినమనడం, ఒళ్లు వంచమనడం, వసంతానికి ముందే తగ్గించుకోమనడం ఒకే విధిలోని మూడు భాగాలు. మొదటిదాన్ని పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తే అది ఆయుర్వేదం కాదు, పండగ భోజనానికి శాస్త్రం పేరు తగిలించడం.

ఈ విధికి ఆధారం ఏడాదిని రెండుగా విడగొట్టిన లెక్క. శిశిరం, వసంతం, గ్రీష్మం ఆదానకాలం. సూర్యుడు భూమిలోని తడినీ ప్రాణుల బలాన్నీ లాగేసుకునే ఆరు నెలలు. వర్షం, శరత్తు, హేమంతం విసర్గకాలం. పోయిన బలం తిరిగి దక్కే ఆరు నెలలు. గ్రీష్మ వర్షాల్లో బలం అడుగంటుతుంది, వసంత శరత్తుల్లో మధ్యస్థంగా ఉంటుంది, హేమంత శిశిరాల్లో పతాక స్థాయికి చేరుతుంది. మన పంచాంగంలో హేమంతమంటే మార్గశిర పుష్యాలు, శిశిరమంటే మాఘ ఫాల్గుణాలు. బయటి చల్లగాలి చర్మానికి తగలడంతో ఒంటి వేడి లోపలే నిలిచిపోయి జఠరాగ్ని పెరుగుతుందనీ, అందుకే ఎక్కువ తిన్నా, బరువైనది తిన్నా అరుగుతుందనీ చరకుడు వివరించాడు. అంత అగ్నికి తగిన ఇంధనం అందకపోతే అది ఒంట్లోని ధాతువులనే దహిస్తుంది, దాంతో వాతం ప్రకోపిస్తుంది. అంటే చలికాలంలో కడుపు మాడ్చుకోవడం ఈ శాస్త్రం దృష్టిలో తప్పు. అయితే అదే చోట చరకుడు ఒక షరతు కూడా పెట్టాడు: ఇదంతా బలవంతుల విషయం. జీర్ణశక్తి అంతంత మాత్రంగా ఉన్నవాడికి డిసెంబరు వచ్చిందని రాత్రికి రాత్రి ఆకలి పుట్టదు.

ఏం తినాలన్నదానికి గ్రంథాలిచ్చిన సమాధానం ఇవాళ్టి జాబితాలకు దాదాపు తలకిందులు. కారం, చేదు, వగరు కాదు. తీపి, పులుపు, ఉప్పు ఈ కాలపు రుచులు. పాలు, పాలతో చేసినవి, బెల్లం మొదలైన చెరకు పదార్థాలు, నెయ్యి, నూనె, కొత్త బియ్యం, తాగడానికి వేడినీళ్లు చెప్పారు. కొవ్వున్న మాంసం, మద్యం కూడా ఆ వరసలోనే ఉన్నాయి; ప్రచారకులు ఆ మాటను మెల్లగా దాటేస్తుంటారు. తేలిక ఆహారం, వాతం పెంచేవి, నీళ్లలో కలుపుకునే పేలపిండి లాంటి పానకాలు, ఎదురుగాలి వద్దన్నారు. పెరుగు సంగతి మరీ ఆసక్తికరం. చలికాలం రాగానే పెరుగు మానేయాలని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ప్రాచీన గ్రంథాలు పెరుగును నిషేధించింది శరత్తు, గ్రీష్మం, వసంతాల్లో. హేమంత శిశిరాల్లో మంచిదేనన్నాయి. రాత్రిపూట తినకూడదు, వేడి చేసి తినకూడదు అన్న నియమాలు మాత్రం ఏడాది పొడుగునా ఉన్నాయి.

తెలుగు వంటింట్లో ఈ సూత్రాన్ని వెతకడానికి కష్టపడనక్కర్లేదు. కొత్త బియ్యం, కొత్త బెల్లం, నువ్వులు, నెయ్యి కలిస్తే అరిసె. మినపప్పు, బెల్లం, నెయ్యి కలిస్తే సున్నుండ. నువ్వులు, బెల్లం దంచితే చిమ్మిలి. తెలంగాణలో బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి సకినాలు చుడతారు. ధనుర్మాసం తెల్లవారుజామున వైష్ణవాలయాల్లో పెట్టే కట్టెపొంగలిలో పెసరపప్పు, నెయ్యి, మిరియాలు ఉంటాయి. రాత్రులు దీర్ఘం కాబట్టి హేమంతంలో పొద్దున్నే ఆకలేస్తుందన్న వాగ్భటుడి మాటకు అది సరిగ్గా అతుకుతుంది. ఈ వంటలు గ్రంథాలు చదివి పుట్టాయని చెప్పలేం. పంట ఇంటికొచ్చే కాలం, పశువులకు మేత దొరికే కాలం కూడా వీటికి కారణమే. అయినా సూత్రం మాత్రం ఒకటే. చిరుధాన్యాల్లో అది మరింత స్పష్టం. కొర్ర, అరిక వంటివి తేలికైనవి, ఒంటిని ఆర్చేవి, వాతం పెంచేవి అంటాడు వాగ్భటుడు. ఆ లెక్కన వాటిని విడిగా చలికాలపు తిండి అనలేం. సజ్జ రొట్టెకు నువ్వులద్ది, వెన్నో నెయ్యో, బెల్లమో తోడిచ్చే పల్లె పద్ధతి ఆ పొడితనానికి విరుగుడు. నువ్వుల బరువులో దాదాపు సగం నూనే. 100 గ్రాముల్లో సుమారు 570 కేలరీలు, పొట్టు తీయనివైతే 900 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. ఆ కాల్షియంలో ఒంటికి పట్టేది కొంతే అయినా, కేలరీలు మాత్రం పూర్తిగా పడతాయి. అందుకే రెండో షరతు.

ఆ రెండో షరతు ఒళ్లు వంచడం. వాగ్భటుడి హేమంత దినం తిండితో కాదు, నూనెతో మొదలవుతుంది. కాలకృత్యాలయ్యాక ఒంటికీ తలకూ నూనె, మర్దన, ఆపైన ఆరితేరినవాళ్లతో కుస్తీ, తర్వాత కషాయ ద్రవ్యాలతో జిడ్డు వదిలించుకుని స్నానం, అప్పుడు భోజనం. వ్యాయామానికి కొలత కూడా ఉంది. బలమున్నవారు, నెయ్యీ నూనే తగినంత తినేవారు చలికాలంలో, వసంతంలో తమ శక్తిలో సగం వరకు శ్రమించాలి. మిగతా కాలాల్లో అంతకన్నా తక్కువ. నుదుట, చంకల్లో చెమట పట్టి, ఊపిరి నోటికొచ్చే దశను సగం శక్తికి గుర్తుగా వైద్యులు చెబుతారు. నూనె తర్వాత నలుగు పెట్టడం కఫాన్నీ కొవ్వునూ కరిగిస్తుందన్నారు. మన సున్నిపిండి ఆ కోవలోదే. వేడినీళ్లు మెడ కింది భాగానికి బలమిస్తాయి, తల మీద పోసుకుంటే జుట్టుకూ కళ్లకూ చేటు అని హెచ్చరిక. పగటి నిద్ర గ్రీష్మంలో తప్ప కూడదు. అజీర్ణం ఉన్నవారు, కఫంతో బాధపడేవారు అభ్యంగనం చేసుకోకూడదు. జలుబుతో ముక్కు కారుతుంటే తలంటు పోసే ఇళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

మూడో షరతు ముగింపుకు సంబంధించింది. చలికాలంలో పేరుకున్న కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని అణచివేస్తుందనీ, అప్పుడే రోగాలు మొదలవుతాయనీ చరకుడి వాదం. అందుకే వసంతంలో బరువైనవి, పుల్లనివి, జిడ్డువి, తీపివి మానమన్నాడు. ఆ మార్పు ఒక్క రోజులో చేయకూడదు. పోయే ఋతువులో చివరి 7 రోజులు, వచ్చే ఋతువులో మొదటి 7 రోజులు ఋతుసంధి. ఆ రోజుల్లో పాత అలవాటును కొద్దికొద్దిగా వదులుతూ కొత్తదాన్ని కొద్దికొద్దిగా పట్టుకోవాలి. కరక్కాయను ఒక్కో ఋతువులో ఒక్కో తోడుతో, హేమంతంలో శొంఠితో, శిశిరంలో పిప్పళ్లతో, వసంతంలో తేనెతో తీసుకునే పద్ధతి వెనక కూడా ఇదే ఆలోచన: కాలం మారితే మందు తోడూ మారాలి. సంక్రాంతికి వండిన పిండివంటలు వసంతం దాకా డబ్బాల్లో ఉంచుకుని తినే ఇంట్లో ఈ మూడో షరతు మొదటే తప్పుతుంది.

ఇదంతా మంచు పడే ఉత్తరాదికి రాసింది కదా, బెజవాడలో డిసెంబరు మధ్యాహ్నం 28, 30 డిగ్రీలుంటే హేమంతం ఎక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఆదిలాబాద్ ఏజెన్సీలో, చింతపల్లి దగ్గరి లంబసింగిలో తప్ప మనకు గడ్డకట్టే చలి అరుదు. రాత్రి నిడివిలోనూ తేడా ఉంది: డిసెంబరు మూడో వారంలో ఢిల్లీలో రాత్రి 13 గంటల 40 నిమిషాల దాకా సాగితే, కృష్ణా తీరంలో 13 గంటలకు కాస్త తక్కువ. జవాబు చరకుడి అధ్యాయం చివరే ఉంది. ప్రాంతపు గుణానికీ, రోగపు గుణానికీ ఎదురైన ఆహార విహారాలే హితమని అక్కడ తేల్చాడు. అంటే నెల పేరు కాదు, అనుభవంలో ఉన్న చలే కొలత. కోస్తా ఊళ్లో ఉక్కపోతగా ఉన్న మార్గశిరంలో నెయ్యి తగ్గించుకోవడం శాస్త్రాన్ని ఉల్లంఘించడం కాదు, పాటించడమే. టొరంటోలోనో చికాగోలోనో ఉన్న తెలుగువాళ్లకు బయట చలి నిజమే. పగలూ రాత్రీ హీటర్ వేసిన గదిలో ఉండేవారికి ఆ చలి ఒంటికి తగలదు. వారికి అదనపు అరిసెల కన్నా, ఆరిపోయిన చర్మానికి నూనె అవసరం ఎక్కువ.

ఆధునిక విజ్ఞానం దీన్ని ఒప్పుకుంటుందా అన్నది రెండో ప్రశ్న. కొంత ఒప్పుకుంటుంది, కొంత లేదు. పెద్దవాళ్లలో కూడా చలికి స్పందించి కేలరీలను వేడిగా మార్చే గోధుమరంగు కొవ్వు పనిచేస్తుందని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఒకే సంచికలో ప్రచురించిన పరిశోధనలు చూపాయి. చలిలో ఒంటికి ఇంధనం ఎక్కువ కావాలన్న పరిశీలనకు ఇది బలమిస్తుంది. జీర్ణశక్తి పెరుగుతుందన్న మాటను మాత్రం రుజువు చేయదు. చలికాలంలో ఎండలో కూర్చోమన్న గ్రంథాల సలహాను విటమిన్ డితో ముడిపెట్టడం కూడా తొందరపాటు. పొద్దుటి ఏటవాలు ఎండలో ఆ విటమిన్‌ను పుట్టించే అతినీలలోహిత కిరణాలు చాలా తక్కువ; గ్రంథాలు ఆ ఎండను చెప్పింది వెచ్చదనానికి. పాత మాటకు దానిలో లేని విలువ అంటగడితే, ఉన్న విలువ మీద కూడా అనుమానం వస్తుంది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది: చక్కెర జబ్బు, రక్తపోటు ఇంటింటా ఉన్న కాలంలో నెయ్యి, బెల్లం తినమనడం ప్రమాదం కాదా? షరతులు తీసేస్తే ప్రమాదమే. ఈ విధి రూపుదిద్దుకున్న సమాజంలో, నిన్నమొన్నటి మన పల్లెల్లో కూడా, మార్గశిర పుష్యాలంటే వరికోతలు, కుప్పలు వేయడం, నూర్పిళ్లు. ఆ శ్రమకు ఆ తిండి సరిపోయేది. ఏసీ గదిలో తొమ్మిది గంటలు కూర్చునే ఒంటికి అదే తిండి పెడితే వాగ్భటుడి లెక్కే తప్పుతుంది. పైగా చలికాలంలో రక్తపోటు పెరుగుతుందని, గుండెపోట్లు ఎక్కువవుతాయని వైద్యులకు తెలిసిన విషయమే. గుండె జబ్బున్నవారు తెల్లవారుజామున చలిలో హఠాత్తుగా వ్యాయామం మొదలుపెట్టకూడదు, వాడుతున్న మందులు మానకూడదు. చక్కెర జబ్బున్నవారికి బెల్లం కూడా చక్కెరే. కొని తినే లేహ్యాలు, చూర్ణాల విషయంలో మరో జాగ్రత్త కావాలి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి, వాటిలో దాదాపు 5వ వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నాయని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 2008లో ప్రచురించింది. ఋతుచర్య అధ్యాయానికి అలాంటి సీసాలతో పనిలేదు. అది అడిగేది వంటింటి సరుకులు, నూనె, కాస్త ఎండ, కాస్త చెమట.

కాబట్టి ఈ చలికాలంలో ఆయుర్వేదం పాటించాలనుకునేవారు కషాయాల జాబితా పక్కనపెట్టి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నేనున్నచోట నా ఒంటికి నిజంగా చలి తగులుతోందా? తిన్నదానికి తగ్గట్టు, శక్తిలో సగం వరకు రోజూ శ్రమిస్తున్నానా? మాఘం దాటి ఎండ ముదిరేలోగా తీపీ జిడ్డూ తగ్గించుకోవడానికి సిద్ధంగా ఉన్నానా? మూడింటికీ అవునన్నవారు సున్నుండను నిశ్చింతగా తినవచ్చు. ఒక్కదానికి కాదన్నా, ముందు ఆ లోటు పూడ్చుకోండి. సున్నుండ సంగతి తర్వాత చూసుకోవచ్చు.