జీపు మెకానిక్‌ది, జిప్సీ యజమానిది

బండిని సులువుగా బాగుచేసుకోగలగడం ఒక గుణం. బాగుచేసే అవసరమే తక్కువగా రావడం మరో గుణం. పాత బండ్ల సంగతి వచ్చేసరికి మనవాళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. ‘జీపు మొండి బండి, ఎక్కడ ఆగినా బాగుచేసుకోవచ్చు’ అంటే అది గొప్ప బండి అని తేల్చేసినట్టు. ‘జిప్సీ సున్నితం, తెలిసిన మెకానిక్కే చెయ్యి వెయ్యాలి’ అంటే దాన్ని తీసిపారేసినట్టు. రెండు తీర్పులూ సగం సగం నిజాలే. కొండదారి, వాగు, బురద, దుక్కి చేను అని చూడకుండా తిరిగే బండ్లుగా మన దేశంలో దశాబ్దాలపాటు పేరు నిలబెట్టుకున్నవి ముఖ్యంగా ఈ రెండే. ఏది బాగా ఎక్కుతుంది, ఏది బాగా దూకుతుంది అన్న వాదన పక్కనపెట్టి, షెడ్డులో పైకెత్తి నిలబెట్టినప్పుడు ఏది ఎలా కనిపిస్తుందో చూద్దాం.

జీపు యుద్ధం కన్న బండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. ఒకరి బండిలోని భాగాలు ఇంకొకరి బండికి సరిపోయేవి. యుద్ధభూమిలో, చేతికందిన పానాలతో విప్పి బిగించుకునే వీలు ఆ బండికి పుట్టుకతోనే వచ్చింది. మహీంద్రా 1940ల చివర్లో దాన్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. జిప్సీ పుట్టుక వేరు. సుజుకి ఎస్‌జే410 ఆధారంగా, 970 సీసీ పెట్రోలు ఇంజనుతో మారుతి 1985 డిసెంబరులో దాన్ని తెచ్చింది. బరువు వెయ్యి కిలోల చుట్టూ. కంపెనీ పుస్తకం చదివి, చెప్పిన గడువుకు చెప్పిన పని చేయించే యజమాని కోసం చేసిన బండి అది.

ఈ తేడా మొదట ఇంజనులో బయటపడుతుంది. సీజే-3బీ జీపులోని హరికేన్ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. ఆ ఎత్తు కోసమే దాని బానెట్‌ను అంత పైకి లేపారు. వాల్వులను ఆడించే క్యామ్‌షాఫ్టుకు గేర్లే ఆధారం. గేరు అరిగితే మోత పెడుతుంది. చెవి పెట్టి వినేవాడికి ముందుగానే తెలిసిపోతుంది. జిప్సీలో ఆ పని టైమింగ్ బెల్టుది. దానికి మోత ఉండదు. గడువు దాటించిన బెల్టు ఏదో ఒకరోజు నడిదారిలో తెగుతుంది. జీపు ఇంజనును చెవితో కాపాడుకోవచ్చు, జిప్సీ ఇంజనుకు లెక్క రాసిన పుస్తకమే దిక్కు. అలాగని జీపులో అంతా చేతికి అందుతుందనుకుంటే పొరపాటు. బ్లాకులోని వాల్వుల టాపెట్లు సరిచేయాలంటే పక్క మూత తీసి, వేడి మానిఫోల్డు కింద ఇరుకులో చేతులు దూర్చాలి. జిప్సీలో పై మూత తీస్తే చాలు, టాపెట్లు కళ్లెదుటే ఉంటాయి.

ఎనభైలలో ప్యూజో డీజిల్ ఇంజనుతో ఎంఎం540 వచ్చాక జీపుకు కొత్త బలం చేరింది. స్పార్కు ప్లగ్గులు లేవు, డిస్ట్రిబ్యూటర్ లేదు. వాగులో డిస్ట్రిబ్యూటర్ తడిసి జిప్సీ ఆగిపోయే చోట డీజిల్ జీపు నిదానంగా అవతలి గట్టు ఎక్కుతుంది. లైనులో గాలి పట్టినా హ్యాండ్ పంపు కొట్టి దారిలోనే తీసేయవచ్చు. కానీ పంపు, నాజిళ్లు పాడైతే చెట్టు కింద మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు. టెస్టు బెంచి ఉన్న పట్నానికి పంపాల్సిందే. ‘ఎక్కడైనా బాగుచేసుకోవచ్చు’ అన్న మాట డీజిల్ పంపు దగ్గర ఆగిపోతుంది. జిప్సీకి కూడా ఇలాంటి గీత ఒకటి పడింది. 2000లో ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి ఎంపీఎఫ్ఐ వచ్చాక కార్బురేటర్ విప్పి ఊదే పని పోయింది, ఆ చోట స్కానర్ అవసరం వచ్చింది.

ఇంజను దాటి వెనక్కి వెళితే పేరుమోసిన తీర్పు తలకిందులవుతుంది. పాత జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అతుక్కునే ఉంటుంది. గేరు ఆయిలు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి చేరడం ఆ అమరికలో పాత జబ్బు. ఒకచోట లెవెల్ తగ్గి, ఇంకోచోట పెరిగి, రెండూ ఇబ్బందిపడతాయి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా, రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. గేరుబాక్సు నుంచి దానికి ఒక పొట్టి షాఫ్టు, ముందుకొకటి, వెనక్కొకటి, మొత్తం మూడు. రబ్బరు నలిగితే బండంతా వణుకుతుంది, షాఫ్టుల కీళ్లలోని క్రాసులు ఎక్కువ కనుక వాటి అరుగుదలా ఎక్కువే. అయినా ట్రాన్స్‌ఫర్ కేసును దించాలంటే గేరుబాక్సును కదిలించనక్కర్లేదు. సున్నితమన్న బండే ఇక్కడ సులువైన బండి.

ముందు యాక్సిల్ దగ్గర రెండూ దాదాపు ఒకే తానులో గుడ్డలు. రెంటికీ కమాన్ కట్టలే, గట్టి యాక్సిలే. పాత సీజే జీపుల స్టీరింగులో బెల్ క్రాంక్ అనే కీలు ఒకటి అదనం. అది అరిగితే స్టీరింగు సగం చుట్టు తిరిగేదాకా చక్రాలు కదలవు. జిప్సీది ఇంకో గొడవ. అరవై కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగు జ్వరం పట్టినట్టు వణకడం దాని యజమానులందరికీ తెలుసు. వెంటనే వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తారు, డ్యాంపర్ మారుస్తారు. కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతుంది. చాలాసార్లు అసలు కారణం కింగ్‌పిన్ బేరింగుల బిగువు. సరైన మందం షిమ్ములు వేసి, స్టీరింగ్ నకిల్ ఎంత బలానికి కదులుతుందో స్ప్రింగు త్రాసుతో కొలిచి బిగించాలి. జీపు పనికి అలవాటుపడిన చేతి అంచనా ఇక్కడ చాలదు.

నీళ్లు రెంటినీ సమానంగానే శిక్షిస్తాయి. పరుగుతో వేడెక్కిన యాక్సిల్ చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఆ లాగుడుకు సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. అలాగే నడిపితే క్రౌన్, పినియన్ పళ్లు పోతాయి. వాగు దాటాక ఆయిలు చూడాలన్న నియమానికి జీపని, జిప్సీ అని తేడా లేదు.

పానాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ షెడ్డులో పూట గడిచేది దానితోనే. డీజిల్ జీపులో విల్లీస్ వారసత్వపు నట్లు అంగుళాల లెక్క, ప్యూజో ఇంజను నట్లు మిల్లీమీటర్ల లెక్క. తప్పుడు పానా పెట్టి మూలలు అరగదీసిన నట్లు పాత జీపుల్లో కనిపించేది అందుకే. జిప్సీకి 10, 12, 14, 17 పానాలుంటే సగానికి పైగా పని అయిపోతుంది. విడిభాగాల విషయంలో జీపుది పైచెయ్యి. హరియాణాలోని మండీ డబ్వాలీ లాంటి ఊళ్లలో జీపులు కట్టడమే వ్యాపారం. అయితే ఆ సమృద్ధిలో నాసిరకం నకళ్లూ ఉన్నాయి. ఆరు నెలలకే వదులయ్యే బుష్షు చవగ్గా దొరికినా లాభం లేదు. తర్వాత వచ్చిన జిప్సీ కింగ్ ఇంజను మారుతి ఎస్టీమ్ కారు కుటుంబానిదే కనుక ఇంజను భాగాలకు కొరత రాలేదు. 2019లో మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగాక ఛాసిస్, బాడీ భాగాల కోసం మాత్రం వెతుకులాట తప్పడం లేదు.

మొత్తం మీద జీపు తప్పులను క్షమిస్తుంది, కానీ ఎప్పుడూ ఏదో ఒక పని అడుగుతూనే ఉంటుంది. గ్రీజు పట్టించడం, కారే చోట ప్యాకింగ్ మార్చడం, వదులైనవి బిగించడం దానికి నిత్యకృత్యం. జిప్సీ తక్కువ పని అడుగుతుంది, అడిగింది కొలత ప్రకారం చేయకపోతే క్షమించదు. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి జనాన్ని చేరవేసినట్టు రోజూ బరువు మోస్తూ కొండదారిలో తిరగాలంటే, మెకానిక్ పక్కనే ఉంటాడంటే, డీజిల్ జీపు సరైన బండి. సొంతంగా వాడుకుంటూ, సర్వీసు పుస్తకం రాసుకునే ఓపిక ఉన్నవారికి జిప్సీయే మేలు. నిర్వహణ ఒక్కటే కొలబద్ద అయితే నా ఓటు జిప్సీకే. మరమ్మతు సులువన్న పేరుతో నిత్యం మరమ్మతు చేయించుకునే బండి పొదుపైన బండి కాదు. రెంటిలో ఏది కొనబోతున్నా రంగు, టైర్లు చూసి మురిసిపోకండి. ముందు డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పించి ఆయిలు రంగు చూడండి, ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. బేరం ఆ తర్వాతే మొదలుపెట్టండి.