శాటిన్ మీద నా పాత పగ

ఈ వారం తరిగొప్పులలో ఒక సభకు ఒగ్గుడోలు బృందం వచ్చింది. అందరికీ ఒకే పసుపు శాటిన్, అంచున జరీ తళుకు. శాటిన్ మీద నేనెప్పుడో కత్తి కట్టాను. కురుమల కళకు కురుమలు నేసే గొంగడే అందమన్నది నా మొండివాదన. డోలు దించుకుంటున్న పెద్దాయనతో అదే అన్నాను. “గొంగడేసుకొని ఎగిరితె చెమటకే సావాలె గద సారూ!” అని నవ్వాడు.

కళకు ఏ బట్ట సొంతమని ఆలోచిస్తుంటే ఐర్లండ్ మీదికి మనసు పోయింది. ఒకప్పుడు అక్కడ ఆదివారం చర్చికి వేసుకునే బట్టల్లోనే నాట్యమాడేవారు. ఇంగ్లిషు ఏలుబడిలో తమదంటూ ఏం మిగిలిందని వెతుక్కుంటూ 1893లో గేలిక్ లీగ్ పుట్టింది. ఆ తర్వాతే నాట్యానికి ‘జాతీయ’ దుస్తులు వచ్చాయి. పన్నెండు వందల ఏళ్ల నాటి కెల్స్ గ్రంథంలోని అల్లికలు గౌన్ల మీదికెక్కాయి. ఇప్పుడు పోటీల్లో ఉంగరాల జుట్టు విగ్గులు, మెరిసే రాళ్లు.

మనమేం తక్కువ తినలేదు. జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ని, రామప్ప గుడి శిల్పాలను ముందు పెట్టుకొని నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 1213 నాటి ఆ గుడిలో నగల తీరు దొరుకుతుంది, భంగిమ దొరుకుతుంది. బట్టల రంగు మాత్రం దొరకదు. వేదిక మీద ఇవాళ చూసే రంగులన్నీ మన కాలం ఎంచుకున్నవే. అచ్చం శిల్పంలాగే ఉండాలని పట్టుబడితే, అక్కడి మదనిక శిల్పాల్లో ఒకామెకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. అవి తొడిగి ఎవరినైనా ఆడించండి చూద్దాం!

మళ్లీ ఒగ్గు దగ్గరికే వస్తే, కొమురవెల్లి మల్లన్న పట్నం ముగ్గు ముందు ఒగ్గు పూజారికి నొసట బండారి చాలు. నువ్వెవరని అడిగేవాళ్లు అక్కడ లేరు. మన మాణిక్యాపురం కథకుడు చుక్క సత్తయ్య లాంటివాళ్ల వెంట ఒగ్గు కథ గుడి గడప దాటింది, రేడియోకెక్కింది, సభలకు పోయింది. పరాయిచోట పదిమందిలో దూరం నుంచే ఆనవాలు తెలియాలి. ఐరిష్ గౌను చేసేదీ, ఈ పసుపు బట్ట చేసేదీ ఆ పనే. ఎవరికీ పరిచయం అక్కర్లేని చోట గొంగడి కూడా అవసరం లేదు. పరిచయం కావలసిన చోట అందరికీ ఒకే వేషం తప్పదు.

కాబట్టి ఆ వేషం ఉండనివ్వండి. నా తగువు ఇక ఒళ్లు ఉడికించే ఆ గుడ్డతోనే. సభలు పెట్టే అయ్యలారా, నూలు బట్ట కుట్టించండి. ఆ ఖర్చు కళాకారుల కూలిలో కోయకండి. రంగు మాత్రం వాళ్లనే ఎంచుకోనివ్వండి, అది శాటిన్ పసుపే అయినా సరే.