ఇద్దరి ఇరుముడి: కృష్ణా దిగువ నుంచి ఇంద్రకీలాద్రికి దంపతుల కాలినడక

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నుంచి ఏటా భవానీ మాల ధరించి విజయవాడ ఇంద్రకీలాద్రిపై కొలువున్న కనకదుర్గమ్మ సన్నిధికి కాలినడకన వెళ్లే భక్తులలో, భార్యాభర్తలు కలిసి దీక్ష పట్టి కలిసి నడిచే పద్ధతి విడిగా పరిశీలించదగినది. ఒక్క మనిషి రోజుల తరబడి నడవాలంటే ఒంట్లో సత్తువ, మనసులో పట్టుదల ఉంటే చాలునేమో గాని, ఇద్దరు మనుషులు ఒకే వేగంతో నడిచి, ఒకేచోట ఆగి, ఒకే పూట గమ్యం చేరాలంటే మరొక విద్య కావాలి. ఆ విద్యను ఎవరూ శాస్త్రంగా రాసిపెట్టలేదు. అది మాల వేసే గురుభవానుల హెచ్చరికలలోను, ఇదివరకు నడిచి వచ్చినవారి అలవాట్లలోను నిలిచి ఉన్నది.

భవానీ దీక్ష అంటే నిర్ణీత కాలం పాటు ఎర్రని వస్త్రాలు, ఎర్రపూసల మాల ధరించి, రెండు పూటలా తలస్నానం, పూజ, సాత్వికాహారం, నేలపడక, బ్రహ్మచర్యం వంటి నియమాలను పాటించడం. 41 రోజులు సాగే దీక్షను మండల దీక్ష అని, 21 రోజులకు పరిమితమైన దానిని అర్ధమండల దీక్ష అని వ్యవహరిస్తారు. మండల దీక్షకైతే కార్తీక మాసంలో, అర్ధమండల దీక్షకైతే ఆ తరువాత, అనుభవజ్ఞుడైన గురుభవాని చేతుల మీదుగా మాల వేయించుకొని, సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో దేవస్థానం ప్రకటించే రోజులలో ఇంద్రకీలాద్రికి వచ్చి మాల తీయడంతో దీక్ష ముగుస్తుంది. దానినే దీక్షా విరమణ అంటారు. ఆ రోజులు అందరికీ ఉమ్మడివి కావడంతో దంపతులకు ఒక వెసులుబాటు కలుగుతున్నది. నెలసరిని దృష్టిలో పెట్టుకొని తక్కువ రోజుల దీక్షను ఎంచుకునే స్త్రీలు ఉన్నారు; భర్త మండల దీక్షలో సుమారు సగం గడిచిన తరువాత భార్య అర్ధమండల దీక్ష పట్టినా, వేర్వేరు రోజులలో మొదలైన ఆ రెండు దీక్షలూ ఒకే విరమణ రోజున ముగుస్తాయి. డెల్టాలో సార్వా వరి కోతలు, కుప్పనూర్పిళ్లు కూడా ఈ నెలల్లోనే పడతాయి కనుక, పొలం పనిని వదిలి రాలేని కుటుంబాలకు కూడా అర్ధమండలమే అనువైనదిగా కనిపిస్తుంది.

ఈ నడకను దేహశ్రమ దృష్టితో అర్థం చేసుకోవడానికి ప్రపంచంలో మరొకచోట పెరిగిన ఒక పోటీని పక్కన పెట్టి చూడటం ఉపకరిస్తుంది. 42.195 కిలోమీటర్ల మారథాన్ దూరాన్ని మించిన పరుగులను అల్ట్రామారథాన్‌లు అంటారు. వాటిలో కొన్ని ఒక్క రోజుతో ముగియక, రోజుకొక దశ చొప్పున వారం దాకా సాగుతాయి. ఫ్రాన్సుకు చెందిన పాట్రిక్ బావర్ 1984లో సహారా ఎడారిలో సుమారు 350 కిలోమీటర్లు ఒంటరిగా నడిచిన అనుభవంతో 1986లో మొరాకోలో ప్రారంభించిన మారథాన్ దె సాబ్ల్ అటువంటి పరుగులలో పేరెన్నికగన్నది. దాదాపు 250 కిలోమీటర్ల ఆ దారిలో నిర్వాహకులు నీరు, గుడారం సమకూరుస్తారు. తిండి, పరుపు, మందులు, ఇతర సామగ్రి అంతా పరుగెత్తేవారే మోసుకోవాలి. నీటి బరువు కాక సంచి 6.5 కిలోలకు తగ్గకూడదు, 15 కిలోలు మించకూడదు. రోజుకు కనీసం 2,000 కేలరీలనిచ్చే ఆహారం అందులో ఉండాలి. అక్కడికి జంటగా వచ్చి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా పక్కపక్కనే పరుగెత్తే దంపతులూ ఉంటారు.

దూరంలో ఈ రెండింటికీ పోలిక లేదు. మచిలీపట్నం నుంచి విజయవాడకు 70 కిలోమీటర్లు, గుడివాడ నుంచి 45 కిలోమీటర్లు, అవనిగడ్డ నుంచి ఇంచుమించు మచిలీపట్నమంతే దూరం ఉండగా, ఇంకా దిగువన ఉన్న నాగాయలంక, కోడూరు గ్రామాల వారు మరికొంత ఎక్కువ నడవవలసి ఉంటుంది. రోజుకు 25 నుంచి 35 కిలోమీటర్ల లెక్కన ఇది రెండు మూడు రోజుల ప్రయాణం; వందల కిలోమీటర్లు నడిచే ఉత్తరాంధ్ర భవానీలదే ఎడారి పరుగుతో పోల్చదగిన దూరం. అయినా నిన్న నడిచిన కాళ్లతోనే నేడూ నడవాలి, నిన్నటి బొబ్బ మీదనే నేటి అడుగు పడాలి అన్న మూలసమస్య రెండో రోజు తెల్లవారుజాముననే మొదలవుతుంది. బహుదిన నడకలోని విద్య అంతా ఆ సమస్య చుట్టూ అల్లుకున్నదే.

దీక్షాకాలాన్ని భక్తులు సాధనగా భావిస్తారు. దేహం దృష్టితో చూసినా అది సాధనే. చెప్పులు లేకుండా మూడు నుంచి ఆరు వారాలు తిరిగినవారి అరికాలి చర్మం క్రమంగా మందమై గట్టిపడుతుంది. తెల్లవారకముందే లేవడం, నేల మీద పడుకోవడం, మితంగా తినడం దారిలో ఎదురయ్యే పరిస్థితులకు ఒంటిని ముందే అలవాటు చేస్తాయి. ఎడారి పరుగుకు వెళ్లేవారు వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు ప్రత్యేకంగా వేడిలో కసరత్తు చేస్తారు. ఆ వ్యవధిలో రక్తంలోని ద్రవభాగం పెరిగి, చెమట త్వరగా పట్టి, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. శీతకాలపు డెల్టాలో అంతటి వేడి లేకపోయినా, సముద్రం దగ్గర కావడం చేత గాలిలో తేమ ఎక్కువ. ఎడారి పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది గాని, మచిలీపట్నం ఉక్కలో అది ఆరక ఒంటినే అంటిపెట్టుకొని, బట్టను తడిపి, తొడలు, చంకలు ఒరుసుకుపోయేలా చేస్తుంది. కొబ్బరినూనె రాసుకోవడం, పొడిబట్ట మార్చుకోవడం ఇక్కడి నడకలో అందుకే అంత ముఖ్యమైనవి. ఈ దీక్షాకాలం తుపానుల కాలం కూడా కావడం మరువరానిది. దివిసీమను ముంచెత్తి పది వేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన 1977 నవంబరు 19న, కార్తీక మాసంలోనే వచ్చింది. వాయుగుండం వానలో నానిన పాదం మెత్తబడి పొడి పాదం కంటే త్వరగా బొబ్బలెక్కుతుంది కనుక, వాన పడిన రోజున దూరం తగ్గించుకోవడమే వివేకం.

దారిలో మోసే బరువు ఇరుముడి. పేరుకు తగినట్టు అందులో రెండు ముడులు ఉంటాయి. ముందు ముడిలో అమ్మవారికి సమర్పించే నేతి కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, పూజాద్రవ్యాలు, వెనుక ముడిలో యాత్రికుని సొంత అవసరాలు. దానిని తలపై పెట్టుకొని నడిచేవారు మెడ నిటారుగా, చూపు ముందుకు, అడుగు చిన్నదిగా ఉంచక తప్పదు. పెద్ద అడుగు వేస్తే మూట ఊగుతుంది. బహుదిన నడకకు చిన్న అడుగే మేలు, ఎందుకంటే పెద్ద అంగలో మడమ గట్టిగా నేలను తాకి, ఆ దెబ్బ మోకాలి దాకా పాకుతుంది. మాల వేసుకోనివారు ఇరుముడిని తాకకూడదన్న నియమం వల్ల దంపతులిద్దరూ దీక్షలో ఉండటానికి ఒక ఆచరణాత్మకమైన విలువ ఏర్పడింది: ఒకరు స్నానానికి, కాలకృత్యాలకు వెళ్లినప్పుడు మరొకరు రెండు మూటలనూ కాపాడగలరు. ఒక్కరే మాల వేసుకొని, రెండోవారు ఊరికే తోడు వెళ్లిన చోట ఈ సాయం దొరకదు.

వేగాన్ని నిర్ణయించే పద్ధతిలోనే జంట నడకలోని సారమంతా ఉన్నది. ఇద్దరిలో మెల్లగా నడిచేవారు ముందుండాలి, వేగంగా నడిచేవారు వెనుక ఉండాలి. తలకిందులైతే వెనకబడినవారు తెలియకుండానే తమ శక్తికి మించి నడిచి మధ్యాహ్నానికే పిక్కలు పట్టేసి కూలబడతారు. ఈ మెల్లనివారు ఎప్పుడూ భార్యే కానక్కరలేదు. నాట్లు, కలుపుతీతలు, కోతలలో రోజంతా వంగి పనిచేసే డెల్టా వ్యవసాయ కూలీ స్త్రీల ఓర్పు, కుర్చీలో కూర్చొని పనిచేసే పురుషునికి అందేది కాదు. పైగా ఒకే జంటలో మెల్లనివారు పూటపూటకూ మారుతుంటారు. అలసట ఇద్దరినీ ఒకేసారి పట్టుకోదు, ఒకరికి పొద్దున్న వస్తే మరొకరికి సాయంత్రం వస్తుంది. తన వంతు వచ్చేదాకా రెండోవారి అలసటకు తోడుగా ఉండటమే జంట నడకలోని ఒప్పందం. ఎడారిలోనూ ఇదే సూత్రం మరొక రూపంలో పనిచేస్తుంది: ఎదురుగాలి వీచేటప్పుడు ఒకరు ముందు నిలిచి గాలిని కాచుకుంటే వెనుకవారికి శ్రమ తగ్గుతుంది, కొంతసేపటికి స్థానాలు మారతాయి. తోడు లేని నడక ఎంత ప్రమాదకరమో 1994 పరుగు చూపింది. ఇటలీకి చెందిన మౌరో ప్రోస్పెరి ఇసుక తుపానులో ఒంటరిగా దారి తప్పి, దాదాపు తొమ్మిది రోజుల తరువాత అల్జీరియా నేల మీద సంచారజాతివారి కంట పడి బతికి బయటపడ్డాడు.

మచిలీపట్నం జంటలు పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, పోరంకిల మీదుగా 65వ నెంబరు జాతీయ రహదారి వెంట సాగుతారు. దివిసీమవారికి మోపిదేవి, చల్లపల్లి మీదుగా పామర్రు చేరి ఆ రహదారినే కలిసే మార్గమే కాక, అవనిగడ్డ నుంచి కృష్ణ ఒడ్డునే విజయవాడ దాకా సాగే కరకట్ట దారి కూడా ఉన్నది. కరకట్ట అంటే వరద ఊళ్లమీద పడకుండా నది వెంట కట్టిన మట్టిగట్టు. చెట్ల నీడ ఉండి, వాహనాలు తక్కువ కావడం వల్ల పగటి నడకకు కరకట్టే మంచిది. రాత్రివేళ అక్కడ పురుగూపుట్రా భయం, వెలుతురు లేమి ఉంటాయి. దారి ఏదైనా మిట్టపల్లాలు లేని చదునైన నేల డెల్టాది. చదును సులువని పొరబడటం సహజం గాని, ఎక్కుడు దిగుడులున్న దారిలో కండరాలు వంతులవారీగా పనిచేసి సేదతీరుతాయి, చదునులో అవే కండరాలు అదే తీరున వేలసార్లు పనిచేసి బిగుసుకుపోతాయి. నిర్ణీత సమయానికి ఆగి, పిక్కలు సాగదీసి, పాదాలను ఎత్తులో పెట్టి కూర్చోవడం ఇక్కడ తప్పనిసరి అవుతున్నది అందుకే. విరామంలో ఎవరి పాదం వారు చూసుకోవడం కంటే ఒకరి పాదం మరొకరు చూడటం మేలు, ఎందుకంటే మడమ వెనుక, వేళ్ల మధ్య మొదలయ్యే ఎర్రదనం సొంత కంటికి అందదు. ఎర్రదనం దశలోనే మెత్తని గుడ్డ చుట్టి కాపాడుకుంటే అది బొబ్బగా మారదు.

తిండి విషయంలో నియమానికి, శ్రమకు మధ్య కొంత పెనుగులాట ఉన్నది. పగలు ఒక పూట భిక్ష, అంటే భోజనం, రాత్రి అల్పాహారం అన్నది దీక్షలో ఉన్నవారి వాడుక. ఇంటి పట్టున ఉన్నంతకాలం అది సరిపోతుంది గాని, రోజుకు 30 కిలోమీటర్లు నడిచే దేహానికి అది చాలదు. అరటిపండ్లు, అటుకులు, బెల్లం, వేరుశనగ గింజలు కొద్దికొద్దిగా తింటూ నడవడం నియమానికి విరుద్ధం కాదని గురుభవానులు స్పష్టంగా చెప్పవలసిన అవసరం ఉన్నది. మధుమేహం ఉన్నవారు పస్తుతో నడవడం ఏ భక్తికీ నిదర్శనం కాదు. దాహం విషయంలో మాత్రం ఇక్కడి ఆచారం చాలా తెలివైనది. చెమటతో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. పోయిన ఉప్పును భర్తీ చేయకుండా ఒట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలతిరుగుడు, వాంతులు, ముదిరితే స్పృహ తప్పడం సంభవిస్తాయి. ఎడారి పరుగువారు ఉప్పు మాత్రలతో నెగ్గుకొచ్చే ఈ ప్రమాదాన్ని, దారి పొడవునా సేవా శిబిరాలవారు పోసే ఉప్పు మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు సహజంగానే కొంత తగ్గిస్తున్నాయి.

ఆ శిబిరాలకు మరొక విలువ కూడా ఉన్నది, దానిని గుర్తించకపోతే దంపతుల దీక్షను సగమే చూసినట్టవుతుంది. దీక్షలో ఉన్న స్త్రీ పురుషులందరినీ ‘భవానీ’ అనే పిలవాలి; భార్యాభర్తలు కూడా ఆ రోజులలో ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. వస్త్రం ఒక్కటే, మాల ఒక్కటే, మోసే మూటా ఒక్కటే. అయినా ఇంటివద్ద ఉన్నంతకాలం మడితో వండటం, పూజాసామగ్రి సమకూర్చడం, ఉదయం చన్నీళ్ల స్నానం చేసి వెంటనే పొయ్యి వెలిగించడం ఎక్కువగా భార్య వంతే అవుతున్నది, కనుక ఆమె దీక్ష భర్త దీక్ష కంటే బరువైనది. దారిన పడిన తరువాత ఈ భేదం తొలగుతుంది. అన్నదాన శిబిరంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, వేరెవరో వడ్డిస్తారు, తిని లేచి ఇద్దరూ ఒకేలా నడుస్తారు. అనేక సంవత్సరాల సంసారంలో ఆమెకు వండే పని లేని రెండు మూడు రోజులు వరుసగా దొరకడం చిన్న విషయం కాదు. గడియారంతో కొలిచే పరుగులో జంట విడిపోయి ఎవరి సమయం వారు సాధించాలన్న ఆకర్షణ ఎప్పుడూ ఉంటుంది. దర్శనానికి ముందు వెనుకల లెక్క లేనందున ఇక్కడ ఆగినవారికోసం ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

ఈ ఆచారంలో వెంటనే సరిదిద్దుకోవలసినది రాత్రి నడక. ఎండ తప్పించుకోవడానికి చీకటితోనే బయలుదేరడం సబబే గాని, మసకవెలుతురులో మనిషి కంటికి ఎరుపు రంగు నల్లగా కనిపిస్తుంది. ఎర్రని వస్త్రాలలో రహదారి అంచున నడిచే జంట లారీ డ్రైవరుకు ఆఖరి క్షణం దాకా కనబడకపోవచ్చు. వెలుతురు పడితే మెరిసే పట్టీలను ఇరుముడికి, వీపుకు అంటించుకోవడం, వాహనాలు ఎదురుగా వచ్చే వైపున ఒకరి వెనుక ఒకరుగా నడవడం, వెనుకనున్నవారి చేతిలో టార్చిలైటు ఉండటం నియమాలలో చేర్చదగినవి. మాల వేసే రోజుననే గురుభవాని ఈ మాట చెబితే దానికి దీక్షా నియమానికి ఉన్నంత బలం వస్తుంది.

విజయవాడ చేరాక కృష్ణ ఘాట్లలో స్నానం, కొండ చుట్టూ గిరిప్రదక్షిణ, దర్శనం, ఇరుముడి సమర్పణ, హోమగుండంలో నేతి కొబ్బరికాయ వేయడం, చివరకు మాల విరమణ వరుసగా సాగుతాయి. గిరిప్రదక్షిణ కొన్ని కిలోమీటర్ల అదనపు నడక. మూడు రోజుల అలసట మీద, వేల మంది జనంలో, గట్టి సిమెంటు నేలపై పడే ఆ అడుగులు దారిలో వేసినవాటికంటే కష్టమైనవి. రాకరాక వచ్చామన్న తొందరలో అదే పూట మొదలుపెట్టక, ఒక రాత్రి నిద్ర తీసి మరునాడు వేకువన ప్రదక్షిణకు వెళ్లే జంటలు క్యూలో నిలబడటానికి సరిపడా సత్తువ మిగుల్చుకుంటాయి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో కొండ కింద ఉండగానే అనుకొని పైకి ఎక్కడం కూడా అనుభవజ్ఞులు పాటించే జాగ్రత్త.